సురవరం వారు - పట్నం చేరిన పల్లె పిల్లలు

పాలమూరు పేరు చెప్పగానే కరువు, వలస గుర్తుకొస్తాయి. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ నీళ్లు, సాయుధ పోరాటం గుర్తుకొస్తాయి. ఈ రెండు జిల్లాల నుంచి చదువు కోసం ఇల్లు విడిచిన పిల్లల మనసు సంగతి మాత్రం ఎవరూ అంతగా రాయరు. మొదటి నెలలో పాఠం సగం అర్థం కాదు. నోరు తెరిస్తే యాస అని నవ్వుతారు. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం బాగనే ఉన్ననంటాడు. ఎందుకంటే అక్కడ నాయిన అప్పు తెచ్చి ఫీజు కట్టిండు, ఆయనకు ఇంకో బరువు ఎందుకని.

మానసిక ఆరోగ్యం అనే మాట ఇప్పుడు తరచుగా వినబడుతున్నది గాని, ఈ బాధ కొత్తది కాదు. నూరేండ్ల కింద కూడా ఉన్నది. దానికి నలుగురు కలిసి ఏం చేయవచ్చునో చేసి చూపినవారిలో సురవరం ప్రతాపరెడ్డి గారు ఒకరు. వారిని పత్రికా సంపాదకులుగా, పరిశోధకులుగా మనం చదువుకున్నాం. విద్యార్థుల మనిషిగా వారిని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న జన్మించారు. వారి స్వగ్రామం ఇటిక్యాలపాడు. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 2016లో జిల్లాలు విడగొట్టిన తర్వాత జోగులాంబ గద్వాలలోకి వచ్చింది. చిన్నాయన రామకృష్ణారెడ్డి గారి అండతో కర్నూలులో చదువుకున్నారు. తర్వాత హైదరాబాదు నిజాం కాలేజీ, ఆపైన మద్రాసు. అక్కడ బి.ఎ. చదివి, తర్వాత బి.ఎల్. కూడా పూర్తి చేశారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లీషు బాగా వచ్చు. ఊరు విడిచి, జిల్లా విడిచి, చివరికి రాష్ట్రమే విడిచి చదివిన మనిషి గనుక, పరాయి చోట చదువు అంటే ఏమిటో వారికి ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

ఆనాటి నిజాం రాజ్యంలో చదువు, కచ్చేరీ అంతా ఉర్దూలోనే. తెలుగు పిల్లవాడు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మోసేవాడు. పిల్లల మాట అటుంచండి, పెద్దలకే గౌరవం లేదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని హాలులో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు గారు తెలుగులో మాట్లాడబోతే సభ గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొందరు తెలుగువారు ఒకచోట కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. ఆ అవమానాన్ని ఒక్కరు మింగి ఊరుకుని ఉంటే అది వారి గుండెలోనే మిగిలిపోయేది. పదిమంది పంచుకున్నారు గనుక సంఘమైంది.

దానికి మూడేండ్ల ముందే, 1918లో, హైదరాబాదులో రెడ్డి హాస్టల్ మొదలైంది. దానికి మూలపురుషుడు వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టి, తర్వాత నగర కొత్వాలు పదవికి ఎదిగిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి గారు. సంస్థానాధీశులు, భూస్వాములు చందాలిచ్చారు. కొత్వాలు గారి కోరిక మీద 1920లలో ఆ హాస్టల్ బాధ్యత తీసుకున్నవారు మన ప్రతాపరెడ్డి గారు. బి.ఎల్. చదివిన మనిషి వకాల్తు మీద నాలుగు డబ్బులు చూసుకోక, పిల్లల తిండీ, చదువూ, నడతా చూసే పనికి ఒప్పుకున్నారంటే మామూలు విషయం కాదు.

అక్కడ వారు ముఖ్యంగా పెంచింది గ్రంథాలయాన్ని. వేల పుస్తకాలు చేర్చారు. ఆలోచించి చూడండి. సాయంత్రం ఆరు తర్వాత ఎక్కడికి పోవాలో తెలియని పిల్లవానికి ఒక దీపం, ఒక బల్ల, పక్కన చదువుకునే మరో నలుగురు పిల్లలు ఉంటే ఇంటి మీద బెంగ సగం దిగుతుంది. నల్లగొండ జిల్లా బొల్లేపల్లి నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి గారు ఆ హాస్టల్లో ఉండి చదివినవారే. 1952 ఎన్నికల్లో నెహ్రూ గారి కంటె ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మనిషి కూడా ఒకనాడు పల్లె నుంచి పట్నం చేరిన పిల్లవాడే గదా!

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ హాస్టల్ ఒక కులం పేరు మీద పుట్టింది. తర్వాత వేరే కులాల పెద్దలు కూడా తమ తమ పిల్లల కోసం హాస్టళ్లు పెట్టారు. చందా ఇచ్చే పెద్దలు లేని కులాల పిల్లలు చాలాకాలం బయటనే ఉండిపోయారు. ఆ లోటును కప్పిపుచ్చనవసరం లేదు. ఊరి పిల్లల చదువు ఊరందరి పూచీ అనుకున్న ఆ పద్ధతిని మాత్రం మనం తీసుకుని, అందరికీ వర్తింపజేయాలి.

1926 మే 10న ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక ప్రారంభించారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ఆ రోజుల్లోనే తెలంగాణలో కవులు లేరనే మాట ఒకటి అచ్చులో వచ్చింది. పెద్దవారు అలా అంటే కుర్రవాడు నిజమే కాబోలు అనుకుంటాడు. మన దగ్గర ఏమీ లేదు, మనతోని ఏమీ కాదు అనే నమ్మకం నారుమడికి పట్టిన తెగులు వంటిది. నాటు పడక ముందే దెబ్బ తీస్తుంది. ప్రతాపరెడ్డి గారు తిట్టుకు తిట్టు రాయలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు! నేను సైన్సు విద్యార్థిని గనుక ఈ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ఒక ప్రతిపాదన తప్పని అరిచి చెప్పడం కాదు, సాక్ష్యం కూడబెట్టి లెక్క చూపించడం.

1949లో వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడింది. రాజుల యుద్ధాలు కాక, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నది అందులో ముఖ్యం. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. కొత్వాలు గారు పోయిందీ ఆ ఏడే. సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో ఆ బహుమతి పొందిన మొదటి పుస్తకం అదే. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి వారి పేరు పెడుతూ 2025లో శాసనసభ చట్టం చేసింది.

ఇక మన సంగతి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత మన రాష్ట్రంలో పలువురు విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఇండ్లల్లో ఇప్పటికీ ఆ నెల వస్తే పొయ్యి సరిగ్గా వెలగదు. మానసిక రుగ్మతల్లో చాలా భాగం పాతికేండ్ల లోపే మొదలవుతాయని వైద్యులు చెబుతారు. అంటే మన వయసే. తొందరగా గుర్తిస్తే నయమయ్యేవే ఎక్కువ. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన మనిషిని నేరస్థుడుగా కాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడుగా చూడమన్నది. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలి మానస్ ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా, రాత్రీ పగలూ, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు మన హాస్టల్ గోడల మీద సినిమా పోస్టరంత పెద్దగా ఉండాలి.

విద్యార్థి సంఘం పెద్దలకు నా మనవి మూడు ముక్కల్లో చెబుతాను. జూన్‌లో కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ వాళ్ల ప్రాంతపు సీనియర్ ఒకరిని జత చేయాలి, మొదటి మూడు నెలలు వారానికొకసారి కలవాలి. రెండవది, రీడింగ్ రూమ్ రాత్రి పది దాకా తెరిపించాలి. మూడవది, వరుసగా వారం రోజులు క్లాసుకు రాని మనిషిని వెతుక్కుంటూ రూముకు పోవాలి. పోయి నీతులు చెప్పవద్దు, కూర్చుని వినాలి. మనసు మరీ బాగ లేదనిపిస్తే జిల్లా ఆస్పత్రికి తోడు పోవాలి. జ్వరమొస్తే తోడు పోతాం గదా, ఇదీ అంతే.

వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. మా నాయిన విత్తనం వేసి ఊకె ఇంట్లో కూర్చోడు, మొలక లేచిందా లేదా అని రోజూ చేను గట్టు మీద తిరిగి చూసి వస్తాడు. ప్రతాపరెడ్డి గారు రెడ్డి హాస్టల్లో చేసిన పనీ అటువంటిదే. వచ్చే జూన్‌లో మళ్లీ పెట్టెలు పట్టుకుని పిల్లలు దిగుతారు. వాళ్ల పేర్లు అడగడానికి బస్టాండు దగ్గర మనలో ఎవరో ఒకరు ఉండాలి.