కవిబ్రహ్మ తిక్కన

పెన్నానది నెల్లూరు పట్టణము ప్రక్కగా ప్రవహించి తూర్పు సముద్రమున కలియును. ఆ పట్టణమునకు పూర్వము విక్రమసింహపురమని పేరు. 13వ శతాబ్దమున దానిని మనుమసిద్ధి యను రాజు పాలించెను. ఆయన యాస్థానమున కవియు మంత్రియునై వెలసినవాడు తిక్కన.

తిక్కన తండ్రి కొమ్మన, తల్లి అన్నమ. తాతయైన భాస్కరుడును మంత్రియే. తిక్కన నిర్వచనోత్తర రామాయణమును రచించి మనుమసిద్ధికి అంకితమిచ్చెను. యజ్ఞము చేయుటచే సోమయాజి యని ప్రసిద్ధి కెక్కెను.

ఒకప్పుడు అక్కన, బయ్యన యనువారు మనుమసిద్ధి రాజ్యము నాక్రమించిరి. బలము చాలని రాజు దిక్కుతోచక యుండగా తిక్కన ఓరుగల్లునకు పోయి కాకతీయ గణపతిదేవుని దర్శించెను. భారతకథను వినిపించి యా చక్రవర్తి మెప్పు పడసెనని సిద్ధేశ్వర చరిత్రము తెలుపుచున్నది. గణపతిదేవుని సాయమున మనుమసిద్ధి మరల సింహాసన మెక్కెను.

నన్నయ భారతమును తెనిగింప నారంభించి అరణ్యపర్వము నడుమ విడిచెను. తిక్కన విరాటపర్వము మొదలు 15 పర్వములను తెనిగించి హరిహరనాథునకు అంకితమొసగెను. వానిలో శాంతిపర్వ మొకటి. అందు భీష్ముడు అంపశయ్యపై నుండి ధర్మరాజునకు రాజనీతి బోధించును. బలహీనుడైన రాజు బలవంతుడైన శత్రువు నెదుట నెట్లు మెలగవలెనని ధర్మరాజు ప్రశ్నించెను. నెల్లూరు రాజును పీడించిన ప్రశ్నయు నిదియే. భీష్ముడు దీనికి సమాధానముగా నొక కథ చెప్పెను.

సముద్రుడు నదులను చూచి, మీరు మహావృక్షములను వేళ్లతో పెకలించి తెచ్చుచున్నారు గాని, మీ యొడ్డున పెరుగు ప్రబ్బలిని ఒక్కటియు తేరేమని యడిగెను. అప్పుడు గంగ బదులు చెప్పెను. చెట్లు వరద కెదురుగా బిఱుసుగా నిలిచి కూలిపోవును. బెత్తములకు పనికివచ్చు ప్రబ్బలి వరద రాగానే వంగును. వరద తీయగానే మరల లేచి నిలుచును. దాని వేరు మాత్రము చోటు విడువదు.

ఇందు వరద శత్రువునకు పోలిక. ప్రబ్బలి వివేకియైన రాజునకు పోలిక. బలాబలముల నెఱిగి, అదను వచ్చువరకు ఓర్చినవాడు నిలుచునని దీని భావము. నీతిని ఊరక చెప్పినచో చెవిని సోకి పోవును. ఏటియొడ్డున అందఱును చూచు వస్తువుతో పోల్చి చెప్పినచో పండితునకును పామరునకును ఒక్కరీతిగా బోధపడును. పెన్న వరదల నెఱిగిన నెల్లూరివారికి ఈ కథకు వ్యాఖ్యానమేల?

తిక్కన కవిబ్రహ్మ యనియు, ఉభయకవిమిత్రుడనియు కీర్తి గాంచెను. విద్యార్థులు కఠిన విషయమును ఇతరులకు చెప్పవలసి వచ్చినప్పుడు, వారెఱిగిన వస్తువుతో దానిని పోల్చి చెప్ప నేర్చుకొనవలెను.