నిండుకుండ వంటి నటుడు: గారీ కూపర్

నిండుకుండ తొణకదని మన పెద్దలు చెప్పుదురు. విద్వాంసులను గూర్చియు, దాతలను గూర్చియు ఈ సామెత వాడుట మనకు అలవాటు. నటులను గూర్చి వాడుట అరుదు. నటుడనగా గొంతెత్తి పలుకువాడనియు, చేతులూపి, కనులెర్రజేసి రసమును ప్రేక్షకులపై కుమ్మరించువాడనియు మన భావన. మైకు లేని నాటకశాలలో చివరి వరుసవానికి కూడ పద్యము వినిపింపవలసిన నటునికి అది తప్పనిసరియే. కాని చలనచిత్రము వేరొక విద్య. అందు కెమెరా నటుని ముఖమునకు చేరువగా నిలిచి, కనురెప్ప కదలికను సైతము గోడంత చేసి చూపును. ఈ రహస్యమును గ్రహించి, మాటను పొదుపు చేసి చూపుతో కథ చెప్పుచు, ముప్పదియైదేండ్లకు పైగా వెండితెరపై నిలిచిన అమెరికా నటుడు గారీ కూపర్.

ఆయన 1901 వ సంవత్సరము మే 7 వ తేదీన మోంటానా రాష్ట్ర రాజధానియగు హెలెనా నగరమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు ఫ్రాంక్ జేమ్స్ కూపర్. తండ్రి చార్లెస్, తల్లి ఆలిస్ ఇరువురును ఇంగ్లండు నుండి వలస వచ్చినవారు. తండ్రి న్యాయవాది; పిమ్మట ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా కూడ పనిచేసెను. వృత్తితోపాటు మిస్సోరీ నదీ సమీపమున ఆరువందల ఎకరముల భూమిని కొని పశువుల పెంపకము సాగించెను. బాలుడు గుర్రపుస్వారియు, వేటయు అచ్చటనే నేర్చెను. కుమారులకు మంచి చదువు, మర్యాద అలవడవలెనని తల్లి కోరుటచే, 1910 మొదలు 1912 వరకు ఇంగ్లండులోని డన్‌స్టబుల్ పట్టణమున చదివెను. ఇట్లు పశువులకాపరి దిటవును, ఆంగ్ల పాఠశాలల వినయమును ఒకే మనిషియందు చేరినవి.

పదునైదేండ్ల ప్రాయమున మోటారు ప్రమాదములో ఆయన తుంటికి గాయమయ్యెను. గుర్రపుస్వారి చేసినచో నయమగునని వైద్యుడు చెప్పెనట. ఆ సలహా మేలుకు బదులు కీడే చేసెను. నడకలో ఒక బిగువును, ఒక ప్రక్కకు ఒరుగుటయు శాశ్వతముగా నిలిచిపోయినవి. కాలము గడచిన పిదప లోకమంతయు మెచ్చి అనుకరింపజూచిన కూపర్ నడక నిజమునకు ఒక మానని గాయపు గుర్తు.

నటుడు కావలెనను కోరిక ఆయనకు మొదట లేదు. చిత్రకారుడు కావలెనని కోరిక. అయోవా రాష్ట్రములోని గ్రిన్నెల్ కళాశాలలో రెండేండ్లు చదివి, పట్టా పొందకయే వెడలిపోయెను. 1924 వ సంవత్సరాంతమున, అప్పటికి లాస్ ఏంజెలెస్ చేరియున్న తలిదండ్రుల కడకు వచ్చెను. బొమ్మలు గీసి బ్రతుకు సాగించుట కుదరలేదు. ఆ సమయమున మోంటానా నుండి వచ్చిన పాత మిత్రులు కొందరు ఎదురుపడిరి. వారు సినిమాలలో గుర్రముల మీదినుండి క్రిందపడుటకు కూలి పుచ్చుకొనుచుండిరి. చిన్ననాటి విద్య అన్నము పెట్టునన్న కూపర్ కాదనలేదు. నాన్ కాలిన్స్ అను నటప్రతినిధి, ఫ్రాంక్ కూపర్ అను పేరు గలవారు ఇతరులు కూడ ఉన్నారని, ఇండియానా రాష్ట్రములోని తన ఊరగు గారీ పేరును అతనికి సూచించెను. అట్లు ఒక ఉక్కు కర్మాగారముల పట్టణపు పేరు ఒక నటునికి సంక్రమించెను.

1926 లో విడుదలయైన ది విన్నింగ్ ఆఫ్ బార్బరా వర్త్ అను మూకీ చిత్రమున మొదట ఆయనది చిన్న వేషమే. ముఖ్యపాత్రలలో ఒకదానికి నిర్ణయింపబడిన నటుడు రాలేకపోవుటచే ఆ పాత్ర కూపర్‌కు దక్కెను. రొనాల్డ్ కోల్మన్ వంటి ప్రసిద్ధుని ప్రక్కన నిలిచియు ఆయన కనుమరుగు కాలేదు. పారమౌంట్ సంస్థ వారమునకు 175 డాలర్ల జీతముపై ఒప్పందము చేసికొనెను. మరుసటి యేడు వచ్చిన వింగ్స్ చిత్రమున ఆయన కనిపించునది రెండుమూడు నిమిషములు మాత్రమే. మృత్యువును గూర్చి తేలికగా మాటలాడి, సగము తిన్న చాకొలెట్టును విడిచి, చిరునవ్వుతో వెడలిపోవు యువ వైమానికుడు. మరుక్షణమున అతని విమానము కూలిపోవును. ఉత్తమ చిత్రముగా మొట్టమొదటి ఆస్కారు బహుమానము పొందిన ఆ చిత్రమును చూచినవారు, అంత స్వల్పమైన ఆ వేషమును మరువలేకపోయిరి.

అంతలో టాకీల యుగము వచ్చెను. మూకీలలో వెలిగిన తారలు పెక్కురు మాట వచ్చుటతో మూగవోయిరి. కూపర్ విషయమున దీనికి విరుద్ధముగా జరిగెను. విక్టర్ ఫ్లెమింగ్ దర్శకత్వమున 1929 లో వచ్చిన ది వర్జీనియన్ ఆయన మొదటి పూర్తి టాకీ. తొందరలేని ఆ కంఠస్వరము, మాటకు మాటకు నడుమ ఆ విరామము, పశ్చిమ సీమల వీరునికి స్థిరమైన రూపమును కల్పించెను. 1930 లో మార్లీన్ డీట్రిచ్‌తో మొరాకోలో నటించెను. కాని విశ్రాంతి ఎరుగని పని దేహమును క్రుంగదీసెను. 1931 లో కామెర్లు, రక్తహీనత పీడింపగా ఆయన పని విడిచి యూరపునకు, పిదప ఆఫ్రికాకు వెడలి, మరుసటి సంవత్సరము ఆరోగ్యముతో తిరిగివచ్చెను. 1932 లో హెమింగ్వే నవల ఆధారముగా వచ్చిన ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్ ఆయనను గంభీర పాత్రలకు కూడ తగినవానిగా నిలబెట్టెను. 1933 డిసెంబరులో వెరోనికా బాల్ఫ్‌ను వివాహమాడెను. 1937 లో వారికి మరియా అను కుమార్తె కలిగెను.

ఆయన నటనా విధానమును గూర్చి ఒక చిత్రమైన విషయము పలువురు దర్శకుల అనుభవమునకు వచ్చెను. చిత్రీకరణ జరుగునపుడు ఆయన ఏమియు చేయుచున్నట్లు తోచదు. ఊరక నిలిచి, మెల్లగా రెండు మాటలు పలికి వెడలిపోవును. ఇతడేమి నటుడని క్రొత్త దర్శకుడు దిగులుపడును. మరునాడు ఆ ఫిల్మును తెరపై వేసి చూచినచో, అచ్చట సంశయము, సిగ్గు, క్రోధము, దయ ఒకదాని వెంట ఒకటి ఆ కన్నులలో మెదలుచుండును. ఎదుట నిలిచిన మనిషికి కనబడనిది కెమెరాకు కనబడెను.

1935 లో వచ్చిన ది లైవ్స్ ఆఫ్ ఎ బెంగాల్ లాన్సర్ చిత్రకథ అవిభక్త భారతదేశపు వాయవ్య సరిహద్దున జరిగినట్టిది. ఆ సరిహద్దు కొండలుగా మనకు కనిపించునవి కాలిఫోర్నియాలోని లోన్ పైన్ పట్టణము చెంతనున్న శిలలు. ఆ కథ పాలకుల కన్నులతో చూడబడిన కథ. అందు ఈ దేశపు ప్రజల మనస్సునకు చోటు లేదు. అయినను స్నేహితుల కొరకు ప్రాణమొడ్డు సైనికునిగా కూపర్ చూపిన నిబ్బరము ఆయనకు దేశదేశముల కీర్తి తెచ్చెను.

మరుసటి యేడు ఫ్రాంక్ కాప్రా తీసిన మిస్టర్ డీడ్స్ గోస్ టు టౌన్ అంతకంటె గొప్పది. అమెరికా ఆర్థిక మాంద్యముతో అల్లాడుచున్న దినములవి. ఒక పల్లెటూరివానికి రెండుకోట్ల డాలర్ల ఆస్తి సంక్రమించును. దానిని భూమి కోల్పోయిన రైతులకు పంచదలచిన పాపమునకు అతనిని పిచ్చివాడని న్యాయస్థానమునకు ఈడ్చుదురు. విచారణలో అతడు చాలసేపు నోరు మెదపడు. మనస్సు విరిగిన మంచివాని మౌనమది. ఆ మౌనమే ఆ చిత్రమునకు ఆయువుపట్టు. ఈ పాత్రకే కూపర్ పేరు మొదటిసారి ఆస్కారు పరిశీలనకు వచ్చెను. 1939 వ సంవత్సరమునకు 4,82,819 డాలర్ల ఆదాయముతో ఆయన ఆ దేశమున అత్యధిక వేతనము పొందినవాడని ప్రభుత్వ ఆర్థికశాఖ ప్రకటించెను. గుర్రము మీదినుండి పడుటకు కూలి పుచ్చుకొన్నవాడు పదునైదేండ్లలో అందుకొన్న స్థాయి యిది.

1941 నాటి సార్జెంట్ యార్క్ చిత్రమునకు ఆయన ఉత్తమ నటుడుగా ఆస్కారు బహుమానము పొందెను. హింస పాపమని నమ్మిన ఒక పల్లెటూరి భక్తుడు మొదటి ప్రపంచయుద్ధమున వీరుడగుట ఆ కథ. అది జరిగిన కథయే. 1942 లో ది ప్రైడ్ ఆఫ్ ది యాంకీస్ చిత్రమున, నయముకాని వ్యాధితో చిన్న వయసుననే మరణించిన బేస్‌బాల్ క్రీడాకారుడు లూ గెరిగ్ పాత్ర ధరించెను. గెరిగ్ ఎడమచేతి వాటము ఆటగాడు. కూపర్‌ది కుడిచేతి వాటము. ఆ పాత్రకొరకు ఆయన శ్రమించి ఎడమచేతి ఆటను అభ్యసించెను. వయస్సువలనను, పాత గాయమువలనను సైన్యమున చేరుటకు ఆయనకు వీలులేకపోయెను. 1943 లో పసిఫిక్ రణరంగమునకు వెడలి సైనికులను కలిసికొనినపుడు, గెరిగ్ వీడ్కోలు ప్రసంగము వినిపింపుమని వారు కోరిరి. వాన కురియు అడవులలో, రేపు ఉందుమో లేమో ఎరుగని యువకుల యెదుట, మరణము తప్పదని తెలిసిన మనిషి చెప్పిన కృతజ్ఞతా వాక్యములను ఆయన ప్రతి విడిదియందును వినిపించెను.

తెరపై నిండుకుండయైన మనిషి జీవితమున తొణకలేదని చెప్పుట సత్యము కాదు. 1949 నాటి ది ఫౌంటెన్‌హెడ్ చిత్రమున తనతో నటించిన పాట్రీషియా నీల్‌పై కలిగిన అనురాగము ఆయన సంసారమును కలతపెట్టెను. 1951 లో భార్యను, కుమార్తెను విడిచి వేరుగా నివసించెను. కొన్ని సంవత్సరములకు గాని తిరిగి ఇల్లు చేరలేదు. అప్పటికి యేబది యేండ్లు పైబడినవి. చిత్రములు మునుపటివలె ఆడుటలేదు. కడుపులో పుండు, నడుమునొప్పి, తుంటినొప్పి. ఈ స్థితియందే ఆయనకు హై నూన్ చిత్రము లభించెను.

ఫ్రెడ్ జినెమన్ దర్శకత్వమున 1952 లో వచ్చిన ఆ చిత్రకథ చాల చిన్నది. విల్ కేన్ ఒక చిన్న ఊరికి రక్షణాధికారి. ఆనాడే అతనికి వివాహమైనది. ఉద్యోగమును కూడ విడిచినాడు. తాను పట్టియిచ్చిన హంతకుడొకడు విడుదలయై మధ్యాహ్నపు రైలులో పగ తీర్చుకొనుటకు వచ్చుచున్నాడని వార్త. క్రొత్త అధికారి ఇంకను రాలేదు. వెడలిపోయినచో అడుగువారు లేరు. కేన్ ఆగిపోవును. సహాయము కొరకు ఇంటింటికి, చావడికి, దేవాలయమునకు తిరుగును. ప్రతివారికి ఒక సాకు దొరకును. గడియారపు ముల్లు మాత్రము ఆగదు. కథలో గడచు కాలమును, ప్రేక్షకుడు గడపు కాలమును ఇంచుమించు ఒకటియే. కూపర్ ముఖముపై రంగు పూతలు మిక్కిలి స్వల్పము. ఆ ముడుతలు, ఆ అలసట, భయమును దాచుకొనజూచు ఆ కన్నులు నటన కొరకు తెచ్చిపెట్టుకొన్నవి కావు. వీరుడు భయమెరుగనివాడని అదివరకటి చిత్రములు చెప్పినవి. భయపడియు కదలనివాడే వీరుడని ఈ చిత్రము చెప్పెను.

తెరపైని ఈ కథ తెర వెనుక కూడ నడచుచుండెను. ఆ దినములలో అమెరికా శాసనసభా సంఘమొకటి సినిమా రంగమున కమ్యూనిస్టుల నిమిత్తము విచారణలు జరుపుచుండెను. కూపర్ ఆ సంఘమునకు అనుకూలుడే. 1947 లో దాని యెదుట సాక్ష్యమిచ్చెను. అయితే ఎవరి పేరును చెప్పలేదు. 1951 లో హై నూన్ తీయుచుండగనే దాని రచయిత కార్ల్ ఫోర్మన్‌కు పిలుపు వచ్చెను. పూర్వము ఆ పార్టీలో ఉండి విడిచివచ్చిన ఫోర్మన్ ఇతరుల పేర్లు చెప్పుటకు నిరాకరించెను. మిత్రులు తొలగిరి, వ్యాపార భాగస్వామి బంధము తెంచుకొనెను. రాజకీయ విశ్వాసమున అతనికి ఎదురుపక్షమున నున్న కూపర్ అతని నిజాయితీని బహిరంగముగా సమర్థించి, అతడు స్థాపింపనున్న సంస్థలో వాటా తీసికొందునని ప్రకటించెను. పలువైపుల ఒత్తిడి పెరుగగా ఆ వాటాను విరమించుకొనెను గాని, ఫోర్మన్‌పై గౌరవమును మాత్రము విరమించుకొనలేదు. విల్ కేన్ వలె తుదివరకు నిలువలేకపోయినను, వీధి తలుపులు మూసికొన్నవారిలో ఆయన చేరలేదు. ఫోర్మన్ ఇంగ్లండునకు వలసపోయెను. ఆ చిత్రమునకు కూపర్ రెండవ ఆస్కారు పొందెను. 1953 లో బహుమాన ప్రదానము జరిగిననాడు ఆయన మెక్సికోలో నుండుటచే, ఆ చిత్రమును మెచ్చని జాన్ వేన్ ఆయన పక్షమున దానిని స్వీకరించుట ఒక విచిత్రము.

ఆ పిదప వేరా క్రూజ్, ఫ్రెండ్లీ పర్సుయేషన్, మాన్ ఆఫ్ ది వెస్ట్ మొదలగు చిత్రములలో నటించెను. 1960 లో కాన్సరు బయటపడి రెండు శస్త్రచికిత్సలు జరిగినవి. అయినను ఆ యేడే ఇంగ్లండు వెడలి ది నేకెడ్ ఎడ్జ్ అను చివరి చిత్రమును పూర్తిచేసెను. 1961 ఏప్రిల్ 17 వ తేదీన ఆయన జీవితకాల సేవకు గౌరవ ఆస్కారు నిచ్చిరి. దానిని అందుకొనుటకు ఆయన మిత్రుడు జేమ్స్ స్టూవర్ట్ వేదికనెక్కి, మాట పెగలక కంటతడి పెట్టుటతో, కూపర్ అంత్యదశలో నున్నాడని లోకమునకు తెలిసిపోయెను. మే 13 వ తేదీన, అరువది యేండ్లు నిండిన ఆరవ దినమున, ఆయన మరణించెను.

హై నూన్ కడపటి దృశ్యమున పోరు ముగియును. దాగియున్న ఊరివారందరు అప్పుడు వీధిలోనికి వత్తురు. విల్ కేన్ వారితో ఒక్క మాటయైనను ఆడడు. నిందింపడు, నీతి చెప్పడు. ఛాతీపై నున్న అధికారపు బిళ్ళను ఊడదీసి మట్టిలో పడవేసి, భార్యతో బండి యెక్కి వెడలిపోవును. చేయవలసిన పని చేసినవానికి చెప్పవలసిన మాట మిగులదు. కూపర్ ఆ కొలది క్షణములలో పలుకక చూపినది, చిత్రమును చూచి ఇల్లు చేరిన ప్రేక్షకునితో చాలకాలము మాటలాడుచుండును.