ఆరు చుక్కల్లో అన్ని భాషలు: లూయీ బ్రెయిలీ
లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్స్‌లోని కూప్‌వ్రే గ్రామంలో పుట్టారు. నాన్న గుర్రపు జీనులు కుట్టేవారు. మూడేళ్లప్పుడు ఆ దుకాణంలో తోలు కుట్టే ఆరె కంట్లో గుచ్చుకుంది. రెండో కంటికీ పాకి చూపు మొత్తం పోయింది. పారిస్‌లో అంధుల బడిలో చదువుతూ, 1824లో పదిహేనేళ్లకే ఆరు చుక్కల లిపి తయారుచేశారు. 1852లో క్షయతో కన్నుమూశారు. ఫ్రాన్స్ ఆ లిపిని అధికారికంగా ఒప్పుకున్నది మరో రెండేళ్లకు.

ఇప్పుడు బ్రెయిలీలో అరబీ, ఉర్దూ కూడా ఎడమ నుంచి కుడికే చదువుతారు. తెలుగు ‘క’కూ, ఉర్దూ ‘కాఫ్’కూ అవే రెండు చుక్కలు. చూపు లేని మన పిల్లలు ఆ ఆరు చుక్కలతోనే తెలుగు పాఠం చదవొచ్చు, ఖురాన్ తిలావత్ చేయొచ్చు. బ్రెయిలీ పరికరం కొనేముందు మూడు భాషలూ ఉన్నాయా అని అడగండి. చుక్కలు ఒకటే అయినా, అది ఏ భాషో పరికరానికి తెలియాలి కదా.