నాన్న కల, కొడుకు చేతిలో బంతి

2024 మార్చి 3న అమెరికాలో అయోవా యూనివర్సిటీ అమ్మాయి కెయిట్లిన్ క్లార్క్ వరసగా రెండు ఫ్రీ త్రోలు వేసింది. రెండూ రింగులో పడ్డాయి. దాంతో 54 ఏళ్ళుగా చెక్కుచెదరకుండా ఉన్న ఓ మగవాడి రికార్డు వెనకబడిపోయింది. ఆడపిల్ల మగవాళ్ళ లెక్కను దాటేసిందంటే మనకు సంబరంగా ఉండదూ! నాకూ అలాగే అనిపించింది. ఆ సంబరంలోనే, ఇంతకాలం ఆ రికార్డును ఎవరికీ ఇవ్వకుండా కూర్చున్న మహానుభావుడు ఎవరబ్బా అని వెతకడం మొదలుపెట్టాను. ఇక అక్కణ్ణుంచి పీట్ మారవిచ్ నన్ను వదిలిపెట్టలేదు.

డిగ్రీ చదివే రోజుల్లో నేనూ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఉండేదాన్ని. ఉండడమంటే పేరుకే, ఎక్కువగా బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టడమే. మా జట్టు మొత్తం కలిసి ఓ మ్యాచ్‌లో 40 పాయింట్లు చేసినరోజు మాకది పండగ. పీట్ ఒక్కడే ఒక్కో మ్యాచ్‌కి సగటున 44 పాయింట్లు చేశాడు. ఏదో ఒక నెలా, రెండు నెలలా కాదు, మూడేళ్ళపాటు!

ఆ అంకెల దగ్గరికి వెళ్ళేముందు వాళ్ళ నాన్న గురించి చెప్పాలి. ఎందుకంటే పీట్ కథ పీట్‌తో మొదలు కాలేదు.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో అలిక్విప్పా అని ఓ ఉక్కు ఫ్యాక్టరీ ఊరుంది. సెర్బియా నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన ప్రెస్ మారవిచ్ ఆ ఊళ్ళోనే పెరిగాడు. ఫ్యాక్టరీ కొలిమికి బలికాకుండా అతన్ని బయటపడేసింది బాస్కెట్‌బాల్. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళ విమానాలు నడిపి వచ్చాడు. 1946-47లో పిట్స్‌బర్గ్ ఐరన్‌మెన్ అనే ప్రొఫెషనల్ జట్టుకు ఆడాడు. అప్పటికే ముప్పై దాటాయి. ఆ జట్టు ఒక్క సీజన్‌తోనే మూతపడింది. ఆటగాడిగా అతని కల కూడా దాంతోపాటే మూతపడింది. ఇక కోచ్ ఉద్యోగం మిగిలింది. 1947 జూన్ 22న కొడుకు పుట్టాడు. మూతపడిన కల మళ్ళీ కళ్ళు తెరిచింది.

అయితే ప్రెస్ కొడుకుని బలవంతంగా మైదానంలోకి ఈడ్చుకెళ్ళలేదట. పెరట్లో తనొక్కడే బంతి వేస్తూ, పిల్లాడు చూస్తున్నా చూడనట్టు ఊరుకునేవాడట. వాడంతట వాడే వచ్చి నాకూ ఇవ్వమని అడిగేదాకా! పిల్లలకు అన్నం తినిపించేటప్పుడు మనమూ ఇలాంటి ఎత్తులు వేస్తాం కదా. కాకపోతే మన ఎత్తు ముద్ద దిగేవరకే. ప్రెస్ ఎత్తు జీవితమంతా.

ఆ తర్వాత బంతి ఆ పిల్లాడి ఒంట్లో భాగమైపోయింది. నాన్న కనిపెట్టిన కసరత్తులు పదుల కొద్దీ ఉండేవి. వాటికి హోంవర్క్ బాస్కెట్‌బాల్ అని పేరు. కళ్ళకు గంతలు కట్టుకుని బంతి కొట్టడం, వీపు వెనక నుంచి, కాళ్ళ మధ్య నుంచి తిప్పడం... నాన్న కారు నడుపుతుంటే పీట్ పక్కకు వంగి కదిలే రోడ్డు మీద బంతి కొట్టేవాడు. నాన్న వేగం పెంచుతూ, తగ్గిస్తూ ఉండేవాడు. సినిమాకెళితే చివరి సీట్లో కూర్చుని పక్కనున్న దారిలో బంతి కొట్టేవాడు. (మన హాల్లో అయితే ముందు ప్రేక్షకులే చితక్కొట్టేవాళ్ళు!) రాత్రి పడుకుని, నిద్ర పట్టేదాకా పైకప్పు వైపు బంతి ఎగరేసి పట్టుకునేవాడు. బక్కపల్చటి పిల్లాడికి బంతిని తల పైకెత్తి వేసే బలం చాలక నడుం దగ్గర నుంచే విసిరేవాడు. తుపాకి ఒరలోంచి తీసి పేల్చినట్టుందని పిస్టల్ అనే పేరు పెట్టేశారు. ఆ పేరు చివరిదాకా పోలేదు.

పెద్దయ్యాక ఏ యూనివర్సిటీలో చేరాలన్నది కూడా నాన్నే తేల్చాడు. పీట్ మనసు వెస్ట్ వర్జీనియా మీద ఉంది. ప్రెస్‌కేమో 1966లో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో కోచ్ ఉద్యోగం వచ్చింది. నా దగ్గర చేరకపోతే ఇంటి గడప తొక్కొద్దన్నాడు. కొడుకు సంతకం పెట్టాడు.

అప్పటి నిబంధనల ప్రకారం మొదటి ఏడాది కుర్రాళ్ళు ప్రధాన జట్టులో ఆడకూడదు. పీట్ జూనియర్ జట్టులో ఆడేవాడు. జనం అది చూడ్డానికి ఎగబడి వచ్చి, ప్రధాన జట్టు ఆట మొదలయ్యే వేళకి లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ ఏడాది ప్రెస్ ప్రధాన జట్టు 26 మ్యాచ్‌లాడి మూడే గెలిచింది మరి!

ఇక అంకెలు. ప్రధాన జట్టులో మూడు సీజన్లు, 83 మ్యాచ్‌లు, 3,667 పాయింట్లు. సగటు వరసగా 43.8, 44.2, 44.5. ఏటా దేశం మొత్తంలో మొదటి స్థానం అతనిదే. 50 పాయింట్లు దాటిన మ్యాచ్‌లే 28. 1970 జనవరి 31న ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరున ఉన్న కాలేజీ రికార్డును దాటాడు. సరిగ్గా వారానికి, ఫిబ్రవరి 7న, అలబామా మీద ఒక్కడే 69 పాయింట్లు చేశాడు. అయినా ఆ మ్యాచ్‌లో వాళ్ళ జట్టు రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది.

ఆట తెలియనివాళ్ళకు ఒక్క మాట. ఇప్పుడు దూరంగా గీసిన గీత అవతల నుంచి వేస్తే మూడు పాయింట్లు. పీట్ చదివే రోజుల్లో కాలేజీ ఆటలో ఆ గీతే లేదు. ఎంత దూరం నుంచి వేసినా రెండే. అతను వేసినవాటిలో బోలెడన్ని చాలా దూరం నుంచి వేసినవే. 2023లో ఆంటోయిన్ డేవిస్ అనే కుర్రాడు ఆ రికార్డు అంచుదాకా వచ్చాడు. అయిదేళ్ళు, 144 మ్యాచ్‌లు ఆడి 3,664 దగ్గర ఆగిపోయాడు. మూడు పాయింట్లు తక్కువ! పీట్‌ను దాటిన క్లార్క్ మొత్తం 139 మ్యాచ్‌లలో 3,951తో ముగించింది. ఆమె ఘనతను తగ్గించాలని కాదు కానీ, 83 మ్యాచ్‌లన్న సంగతి మాత్రం మర్చిపోకూడదు.

1970లో ఎన్‌బీఏ జట్టు అట్లాంటా హాక్స్ దాదాపు 19 లక్షల డాలర్లకు పీట్‌తో ఒప్పందం చేసుకుంది. చెమటోడ్చి జట్టును నిలబెట్టిన సీనియర్లకు నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడికి అంత డబ్బేమిటని కడుపు మండింది. వదులుగా జారిపోయే బూడిదరంగు సాక్సులు, ఎగిరే జుట్టు, చూడకుండా వెనక్కి విసిరే పాసులు... ప్రేక్షకులకు పీట్ ఆట సర్కస్‌లా ఉండేది. జట్టులో మాత్రం అతను ఒంటరి. తాగుడు కూడా అలవాటైంది. 1974లో అట్లాంటా వాళ్ళు అతన్ని అప్పుడే పుట్టిన న్యూ ఓర్లీన్స్ జాజ్ జట్టుకు పంపించేశారు.

ఆ ఏడాదే వాళ్ళ అమ్మ చనిపోయింది.

నేను కథలు రాస్తుంటాను. అందుకే కాబోలు, ఈ తండ్రీకొడుకుల గురించి చదువుతున్నంతసేపూ నా కళ్ళు హెలెన్ కోసమే వెతికాయి. ఎక్కడో ఒకటీ అరా వాక్యాల్లో తప్ప కనిపించదు. మొదటి పెళ్ళి వల్ల పుట్టిన కొడుకుని వెంటబెట్టుకుని ప్రెస్ ఇంటికి వచ్చింది. ప్రెస్ ఉద్యోగం మారినప్పుడల్లా సామాను సర్దుకుని ఊరు మారింది. ఆ ఇంట్లో పొద్దున లేస్తే బంతి చప్పుడు, భోజనాల దగ్గర బంతి కబుర్లు. అందులో ఆవిడ మాటకు చోటెక్కడ? ఆవిడ మెల్లగా మద్యానికి బానిసైంది. కొడుకు పేరు దేశమంతా మారుమోగుతుంటే ఆవిడ గదిలోంచి బయటికి రావడం తగ్గిపోయింది. 1974 అక్టోబరులో తుపాకితో తన ప్రాణం తానే తీసుకుంది. దానికి ఇదీ కారణమని ఒక్కటి తేల్చి చెప్పడం నాకు చేతకాదు. కానీ ఆ ఇంట్లో ఎవరైనా ఒక్కపూట బంతి పక్కన పెట్టి ఆవిడ ఎదురుగా కూర్చున్నారా అన్న ప్రశ్న మాత్రం నన్ను ఇప్పటికీ తొలుస్తోంది.

పీట్ అటు ఆటలోకీ ఇటు సీసాలోకీ ఇంకా లోతుకు దిగాడు. 1976-77లో సగటున 31.1 పాయింట్లతో ఎన్‌బీఏలోనే మొదటివాడయ్యాడు. 1977 ఫిబ్రవరి 25న న్యూయార్క్ నిక్స్ మీద 68 పాయింట్లు చేశాడు. ఎదురుగా నిలబడింది ఆషామాషీ మనిషి కాదు, ప్రత్యర్థిని కట్టడి చేయడంలో పేరు మోసిన వాల్ట్ ఫ్రేజర్. ఆ రోజు చివరిదాకా ఆడనిచ్చి ఉంటే 70 దాటేవాడే. ఆరో ఫౌల్ పడి ముందే బయటికి రావాల్సొచ్చింది. ఏడాది తిరక్కుండా, 1978 జనవరి 31న, గాల్లోకి ఎగిరి కాళ్ళ మధ్య నుంచి పాస్ ఇస్తూ కింద పడ్డాడు. మోకాలు దెబ్బతింది. మళ్ళీ మునుపటి పీట్ రాలేదు.

ఏ కప్పు కోసమైతే నాన్న తపించాడో అది అందలేదు. న్యూ ఓర్లీన్స్ జట్టు అక్కడున్న అయిదేళ్ళలో ఒక్కసారి కూడా చివరి పోటీల దశకు చేరలేదు. 1979లో జట్టు యూటాకు తరలిపోయాక అక్కడి కోచ్ పీట్‌ను బెంచీ మీదే కూర్చోబెట్టి, 1980 జనవరిలో వదిలేసుకున్నారు. బోస్టన్ సెల్టిక్స్ చేరదీసింది. ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత మొదటిసారి గీసింది ఆ సీజన్‌లోనే. కుంటుతున్న మోకాలితోనే అక్కణ్ణుంచి 15 వేసి 10 పడేశాడు. ముందే ఆ గీత ఉండుంటే అని నిట్టూర్చని అభిమాని లేడు. ఆ ఏడాదే ఆట మానేశాడు. 658 మ్యాచ్‌లు, 15,948 పాయింట్లు, సగటు 24.2. తను వదిలేసిన మరుసటి సీజన్, 1981లో, సెల్టిక్స్ కప్పు గెలిచింది! రాత అంటే ఇదేనేమో.

బంతి చేతిలో లేకపోతే తనెవరో అతనికి తెలియలేదు. రెండేళ్ళు ఇల్లు కదల్లేదు. యోగా చేశాడు, మన హిందూ గ్రంథాలు తిరగేశాడు, శాకాహారి అయ్యాడు. ఎగిరే పళ్ళేల్లో వచ్చే గ్రహాంతరవాసులకు కనిపించేలా తనని తీసుకుపొమ్మని ఇంటి కప్పు మీద రాసిపెట్టాడని కూడా చెబుతారు. వింటే నవ్వొస్తుంది, తర్వాత గుండె కలుక్కుమంటుంది. 1982లో క్రైస్తవ విశ్వాసం వైపు తిరిగాక తాగుడు మానేశాడు. భార్య జాకీ ఆ చీకటి రోజులన్నీ భరించింది. ఇద్దరు మగపిల్లలు.

తర్వాత ప్రెస్‌కు క్యాన్సర్ వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ తండ్రి మీద నాకున్న కోపం ఇక్కడ కాస్త మెత్తబడింది. గడప తొక్కొద్దన్న నాన్నను పీట్ పసిపిల్లాడిలా చూసుకున్నాడు. ఆసుపత్రుల చుట్టూ తిప్పాడు, సేవ చేశాడు. 1987 ఏప్రిల్‌లో ప్రెస్ పోయాడు. దాదాపు మూడు వారాలకు, మే 5న, పీట్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎక్కాడు. చూడాల్సిన మనిషి లేడు. ఆ ఏడాదే పీట్ పిల్లలకు పాఠాలుగా వీడియోలు తీశాడు. అన్నీ నాన్న నేర్పిన కసరత్తులే. పేరు కూడా నాన్న పెట్టిందే, హోంవర్క్ బాస్కెట్‌బాల్.

1988 జనవరి 5 ఉదయం, కాలిఫోర్నియాలోని పాసడీనాలో, ఓ చర్చి జిమ్‌లో నలుగురితో కలిసి సరదాగా బంతాట ఆడాడు. మధ్యలో విరామం. మాట్లాడుతూ మాట్లాడుతూ కుప్పకూలాడు. అప్పటికి 40 ఏళ్ళు.

శవపరీక్ష చేసిన డాక్టర్లు నివ్వెరపోయారు. గుండె కండరానికి రక్తం అందించే రక్తనాళాలు మామూలుగా రెండుంటాయి. పీట్‌కు ఎడమది పుట్టుకతోనే లేదు. కుడివైపుది ఒక్కటే ఆ పనంతా మోస్తూ లావెక్కిపోయింది. అలాంటి గుండెతో బతకడమే కష్టమైతే, ఇతను రోజుకు ఎన్నేసి గంటలు పరిగెత్తాడు! చిన్నప్పుడే తెలిసి ఉంటే ఏ డాక్టరూ బంతి ముట్టుకోనిచ్చేవాడు కాదు. తెలియకపోవడం మంచిదైందా, చెడ్డదైందా? రెండు నెలల నుంచి ఆలోచిస్తున్నాను, తేలడం లేదు. 1974లో ఓ విలేఖరితో, పదేళ్ళు ఎన్‌బీఏ ఆడి నలభై ఏళ్ళకే గుండెపోటుతో పోవడం తనకిష్టం లేదన్నాడట. సరిగ్గా పదేళ్ళే ఆడాడు.

ఆ ఏడాదే అతను ఆడిన యూనివర్సిటీ స్టేడియానికి అతని పేరు పెట్టారు. 1996లో ఎన్‌బీఏ యాభయ్యేళ్ళ సందర్భంగా యాభైమంది మేటి ఆటగాళ్ళను ఎంపిక చేసినప్పుడు, అందులో బతికి లేనిది పీట్ ఒక్కడే. మరుసటి ఏడాది క్లీవ్‌లాండ్‌లో వాళ్ళను మైదానం మధ్యకు పిలిచి సన్మానించారు. పీట్ పేరు పిలిచినప్పుడు నాన్న స్థానంలో టీనేజీ కొడుకులిద్దరూ నడిచి వచ్చి నిలబడ్డారు.