చార్మినార్ గుమ్మంలో ఒక ‘మీమ్’

మీర్ మహబూబ్ అలీ ఖాన్ గద్దె ఎక్కేనాటికి ఆయనకు మూడేళ్లు కూడా నిండలేదు. 1866లో పుట్టారు. 1869లో తండ్రి అఫ్జలుద్దౌలా చనిపోయారు. పసివాడి పేరు మీద రాజ్యం నడిపింది మొదటి సాలార్ జంగ్. 1884లో వైస్రాయ్ రిప్పన్ హైదరాబాద్ వచ్చి పూర్తి అధికారాలు అప్పగించేదాకా ఆరో నిజాం పేరుకే పాలకుడు.

మన ఇళ్లలో ఆయన గురించి చెప్పుకునే కథలు వేరే. పులుల వేట, పాము కరిస్తే మహబూబ్ పాషా దుహాయి, బూటులో దొరికిన జాకబ్ వజ్రం. వీటి మధ్య అష్రఫీ సంగతి మరుగున పడిపోయింది.

1857 తిరుగుబాటు దాకా హైదరాబాద్ నాణేల మీద ఢిల్లీ బాద్షా పేరే ఉండేది. బహదూర్ షా జఫర్‌ను ఇంగ్లీషువాళ్లు దించేశాక ఆ చోటు ఖాళీ అయింది. అక్కడ మొదటి నిజాం బిరుదు ఆసఫ్ జా వచ్చింది, దాని పక్కన 92 అంకె. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4 కూడితే ముహమ్మద్ (స) పేరు వస్తుంది. గద్దె మీదున్న నవాబు పేరు మాత్రం పూర్తిగా ఎక్కడా ఉండదు.

మహబూబ్ కాలంలో మొదట్లో నాణేలు సుత్తి దెబ్బతోనే తయారయ్యేవి. బొమ్మ ఒక పక్కకి జరిగి, అంచున అక్షరాలు తెగిపోయేవి. 1895లో యంత్రాలు వచ్చాయి, 1903లో టంకశాల సైఫాబాద్‌కు మారింది. ఆ రోజుల్లోనే చార్మినార్ సిక్కా మొదలైంది. అష్రఫీ బరువు 11 గ్రాముల పైచిలుకు, మేలిమి నేటి 22 క్యారెట్లకు దగ్గర. అర, పావు, అరపావు అష్రఫీలు కూడా ఉండేవి. బజారు ఖర్చుకి వెండి రూపాయి, రాగి పైసలు సరిపోయేవి. బంగారం ఎక్కువగా దర్బారులో నజర్‌కు, ఇంట్లో దాపుడుకు.

ముందువైపు నడుమ చార్మినార్, చుట్టూ బిరుదు. గుమ్మంలో చిన్నగా ‘మీమ్’ అక్షరం. మహబూబ్ అని తెలిపే గుర్తు అంతే. వెనకవైపు ఫార్సీలో ఊరి బిరుదు, ఫర్ఖుందా బునియాద్, అంటే శుభమైన పునాది గలది. సర్కారు కాగితాలు అప్పటికే ఉర్దూలోకి మారినా నాణెం ఫార్సీని వదల్లేదు.

పక్కనే బ్రిటిష్ ఇండియా రూపాయి మీద ఎడ్వర్డ్ రాజు మొహం ఉంది. మహబూబ్ పాషా ఫోటోలంటే సిగ్గుపడే మనిషి కాదు, రాజా దీన్ దయాళ్ ఆయన ఆస్థాన ఫోటోగ్రాఫరే. అయినా నాణెం మీద తన మొహం లేదు. పోనీ తన వంశం కట్టిన మహల్ అయినా కాదు. 1591లో కుతుబ్‌షాహీలు కట్టిన కట్టడాన్ని ఎంచుకున్నారు. 1902లోనే కర్జన్ ఒత్తిడితో బేరార్‌ను ఏడాదికి 25 లక్షలకు శాశ్వత కౌలుకు ఇచ్చేశారు. ఆ దెబ్బకీ ఈ బొమ్మకీ సంబంధం ఉందని తేల్చి చెప్పడం కష్టం. కానీ జిల్లాలు పోయిన మరుసటి ఏడాదే ఎవరూ తీసుకుపోలేని ఊరి గుర్తు సిక్కా మీదికి రావడం గమనించదగ్గదే.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. రంజాన్ నెల అప్పుడే మొదలైంది. వేలమంది పోయారు. మిగిలినవాళ్ల కోసం నిజాం తన మహళ్ల తలుపులు తెరిపించారు. హిజ్రీ 1326 సిక్కాలు ఆ ఏటివే.

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో కన్నుమూశారు, వయసు 45. మక్కా మసీదులో ఖననం చేశారు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చార్మినార్‌ను మార్చలేదు, గుమ్మంలో మీమ్ తీసి ‘ఐన్’ పెట్టించారు. నాణేలు సేకరించేవాళ్లు ఇప్పటికీ ముందుగా చూసేది ఆ గుమ్మాన్నే. గొలుసులో వేసుకోవడానికి రింగు అతికించిన అష్రఫీకి ధర తగ్గుతుంది. కరిగించినదాని విలువ తూకం మటుకే.