షోయబుల్లా ఖాన్: పేపరే ఆయన పోరాటం

రాజకీయాల్లో ఉండటం అంటే ధర్నాకు పోవడం, జైలుకు పోవడమే అనుకుంటాం. 1947-48లో హైదరాబాద్ సంస్థానంలో అట్లా వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. అదే టైంలో కొందరు వకీళ్లు కోర్టులు బహిష్కరించారు. ఇంకొందరు డబ్బు సాయం చేశారు. షోయబుల్లా ఖాన్ మాత్రం పేపర్ నడిపారు. దానికే ప్రాణం ఇచ్చారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు.

1920 అక్టోబర్ 17న ఇప్పటి ఖమ్మం జిల్లా సుబ్రవేడులో పుట్టారు. తండ్రి హబీబుల్లా ఖాన్ నిజాం రైల్వే పోలీసులో పనిచేసేవారు. కొడుకును ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలిచేవారట. ఉస్మానియాలో డిగ్రీ చదివిన కుర్రాడికి సర్కారీ నౌకరీ దొరకడం అప్పట్లో కష్టమేం కాదు. ఆయన మాత్రం ఉర్దూ పత్రికల దారి పట్టారు. ముందు ఒక వారపత్రికలో రాశారు. సర్కారు దాన్ని మూయించింది. తర్వాత మందుముల నరసింగరావు గారి రయ్యత్‌లో చేరారు. అదీ మూతపడింది.

రెండు పత్రికలు పోయాక చాలామంది వేరే పని చూసుకుంటారు. ఆయన సొంత పేపర్ పెట్టారు. పేపర్ నడపాలంటే కాగితం, ప్రెస్సు, జీతాలు, అన్నిటికీ రొక్కం కావాలి. ఇంట్లో ఆడవాళ్ల నగలు అమ్మారు. బూర్గుల రామకృష్ణారావు గారు అండగా నిలిచారు. 1947 నవంబర్ 15న ఇమ్రోజ్ మొదటి సంచిక వచ్చింది. ఇమ్రోజ్ అంటే ఈ రోజు.

సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలవాలని, ప్రజలు ఎన్నుకున్న సర్కారు రావాలని ఆ పేపర్ రాసింది. రజాకార్ల దౌర్జన్యాలను ఖండించింది. ముస్లింలందరి తరఫున మాట్లాడుతున్నామని రజాకార్లు చెప్పుకుంటుంటే, ఒక ముస్లిం ఎడిటర్ తన పేరుతోనే కాదనడం వాళ్లకు మింగుడు పడలేదు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు యూనియన్‌లో కలవమంటూ నిజాంకు విజ్ఞప్తి చేశారు. ఇమ్రోజ్ దాన్ని అచ్చేసింది. సంతకం పెట్టడం, ఆ సంతకాన్ని అచ్చేయడం, ఆ రోజుల్లో రెండూ ప్రాణాల మీదికి తెచ్చే పనులే.

ఆగస్టు 19న జమరుద్ మహల్ సభలో ఖాసిం రజ్వీ, తమకు ఎదురు రాసే చేతులు తెగిపడతాయని బెదిరించాడు. ఆగస్టు 21 రాత్రి ఆఫీసు పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో ఇంటికి పోతుంటే, కాచిగూడ దగ్గర ఆయన మీద దాడి జరిగింది. కాల్చారు, చెయ్యి నరికారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. ఇస్మాయిల్ ఖాన్ కూడా చెయ్యి పోగొట్టుకుని బతికారు.

నెల తిరక్కుండానే, సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయారు. ఆ తర్వాత జరిగిన హింసలో వేల మంది ముస్లింలు చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం చేతికి రాలేదు. సొంతవాళ్ల తప్పును సొంతవాళ్ల భాషలోనే రాసిన ఎడిటర్ ఉండి ఉంటే, ఆ అన్యాయం గురించి రాసే హక్కు అందరికన్నా ఆయనకే ఎక్కువ ఉండేది.

ఆ ఎడిటర్ లేడు గానీ ఆ పని మిగిలే ఉంది. ధర్నాకు పోలేనివాళ్లు నిజం తెలుసుకుని రాయొచ్చు, అర్జీ మీద సంతకం పెట్టొచ్చు, నిజం రాసే పేపర్‌కు చందా కట్టొచ్చు. ఇవీ రాజకీయమే.