మన రాగంలో సువార్త

ఎర్రగుంట్ల దగ్గరి కలమల్లకు తెలుగువారి చరిత్రలో ప్రత్యేక స్థానముంది. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుల కాలంలో వేయించిన తొలి తెలుగు శాసనం ఈ ఊరిదే. పాలకుడు తన మాటను ప్రజల భాషలో రాతిపై చెక్కించాడు. పన్నెండు వందల ఏళ్లు దాటాక సువార్త విషయంలో అదే పని చేసినవాడు పురుషోత్తమ చౌదరి. అయితే ఆయన చెక్కింది రాతిమీద కాదు, పాడే నాలుకలమీద.

చౌదరిగారు 1803లో పర్లాకిమిడి తాలూకా మదనాపురంలో, వంగదేశ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. ఒరియా, తెలుగు కలిసి వినిపించే సరిహద్దు ప్రాంతమది. ముప్పయ్యేళ్ల వయసులో క్రీస్తును నమ్మి, 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందారు. ఆ రోజుల్లో అలాంటి ఇంటివారికి బాప్తిస్మమంటే కులాన్నీ బంధుత్వాన్నీ వదులుకోవడమే. అన్నీ వదులుకున్న ఆ భక్తుడు ఒక్కదాన్ని మాత్రం విడిచిపెట్టలేదు. అది తన సంగీతం.

మిషనరీలతో పాటు విదేశీ పాటలూ ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి. పరాయి బాణీలో తెలుగు మాటను ఇమిడిస్తే దీర్ఘం పలకాల్సినచోట హ్రస్వం, హ్రస్వం ఉండాల్సినచోట దీర్ఘం వచ్చి పడుతుంది. చౌదరిగారు ఆ దారి పట్టలేదు. పల్లవి, చరణాలతో, కర్ణాటక రాగతాళాలతో నూటికి పైగా కీర్తనలు రచించారు. ఒకరు పల్లవి ఎత్తుకుంటే అందరూ అందుకోవచ్చు. చదువురానివారు సైతం విని నేర్చుకోవచ్చు. సిలువ మర్మం అలా పొలాలకూ వంటింటికీ చేరింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపైన రాగం, తాళం అచ్చువేయడం ఈ సంప్రదాయానికి గుర్తే.

విదేశీ పాటలు తప్పని కాదు. ఒకప్పుడు బానిసల ఓడ నడిపిన జాన్ న్యూటన్ ఇంగ్లండులో రాసిన అమేజింగ్ గ్రేస్ 1779లో అచ్చయింది. అట్లాంటిక్ దాటి అమెరికా చేరాక, 1835లో విలియం వాకర్ అనే సంగీతకారుడు దాన్ని ఒక జానపద బాణీతో జతచేశాడు. నేడు మన యువకులు గిటారుపై వాయించేది ఆ బాణీనే. సామాన్యుల రాగం దొరికాకే ఆ పాట కూడా లోకమంతా పాకింది.

ఎనభై ఏళ్లు దాటి జీవించిన చౌదరిగారు 1890లో ప్రభువునందు నిద్రించారు. ఆయన కీర్తనలను లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. అనే భేదం లేకుండా అందరూ పాడుకున్నారు. నేడు ఎన్నో సంఘాల్లో గిటారు పట్టిన పిల్లలకు ఆ కీర్తనలు రావు, కీర్తనలు వచ్చిన పెద్దలకు గిటారు గిట్టదు. వాయిద్యం దగ్గర తగాదా పడుతుంటే పాటే చేజారిపోతోంది. పెద్దలారా, కోపగించుకోకుండా ఒక్క కీర్తన నేర్పండి. పిల్లలారా, మీ గిటారుతోనే దాన్ని నేర్చుకోండి. అన్నీ పోగొట్టుకున్నవాడు దాచి మనకిచ్చిన ఆస్తి అది. అన్నీ ఉన్న మనం దాన్ని పోగొట్టుకోవద్దు.